చెన్నైలో చిన్న ఆసుపత్రికి వరద ప్రణాళిక: వాన మొదలవక ముందు చేయాల్సిన పనులు, వరుసగా

వేళచ్చేరి, ముడిచ్చూరు, పెరంబూరు వైపు ముప్పై నలభై పడకల నర్సింగ్ హోములు నడుపుతున్న మన తెలుగువాళ్ళు ఏటా సెప్టెంబరులో ఇదే అడుగుతారు: "విపత్తు ప్రణాళిక ఫైలు ఉందండీ, ఇన్‌స్పెక్షన్‌కి చూపించాం కూడా. నిజంగా నీళ్ళొస్తే ఏం చెయ్యాలి?"

ఫైలు పక్కన పెట్టండి. చెన్నైలో ఆసుపత్రిలోకి నీళ్ళు రావడానికి చాలా ముందే వీధి చివర మలుపు మునుగుతుంది. అక్కడ మునిగాక అంబులెన్సు రాదు, డ్యూటీ మారాల్సిన నర్సులు రాలేరు, సిలిండర్ల బండీ రాదు. కాబట్టి ఎవర్ని ఏ ఘడియలో బయటికి పంపాలో రోడ్డు పొడిగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి. అసలు ప్రణాళిక అదే. జనరేటరు, ఆక్సిజన్, మందులు అన్నీ, ఆ నిర్ణయం ఆలస్యమైతే ఎన్ని గంటలు నిలబడగలం అన్న లెక్క కిందికే వస్తాయి.

కింద రాసిందంతా ముప్పై పడకలు, నాలుగైదు పడకల ఐసీయూ, రెండు డయాలసిస్ యంత్రాలు ఉన్న ఆసుపత్రిని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పనులు ఆగస్టులో మొదలుపెడితే తీరిగ్గా అవుతాయి.

1. మీరు ఎవరి పరిధిలో ఉన్నారో ముందు తేల్చుకోండి

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాలో విపత్తు యంత్రాంగానికి అధ్యక్షుడు కలెక్టరు. నగరం లోపల కాలవలు, పంపులు, సహాయ శిబిరాలు, వైద్య శిబిరాలు గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ చూస్తుంది. పడవలు, రక్షణ పని అగ్నిమాపక శాఖది. పెద్ద ఆపద అయితే జాతీయ విపత్తు స్పందన దళం దిగుతుంది. వాళ్ళ బెటాలియన్ అరక్కోణంలోనే ఉంది.

ఎక్కువమంది తడబడేది సరిహద్దుల దగ్గర. అందరం "చెన్నై" అనే అంటాం. కానీ తాంబరం, ముడిచ్చూరు చెంగల్పట్టు జిల్లాలోవి. కుండ్రత్తూరు కాంచీపురం జిల్లా. ఆవడి, పూందమల్లి తిరువళ్ళూరు జిల్లా. తాంబరానికీ ఆవడికీ వేరే కార్పొరేషన్లున్నాయి. ముడిచ్చూరులో కూర్చుని 1913కి ఫోన్ చేస్తే అవతలివాళ్ళు మర్యాదగా విని, ఇంకో నంబరు చెప్తారు. ఆపద వేళ పది నిమిషాలు అలా పోతాయి.

గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాల్సినవి:

☐ 108 – అంబులెన్సు
☐ 101 – అగ్నిమాపక శాఖ
☐ 112 – అన్ని అత్యవసర సేవలకీ
☐ 1913 – గ్రేటర్ చెన్నై కార్పొరేషన్
☐ 1077 – జిల్లా కంట్రోల్ రూము
☐ 1070 – రాష్ట్ర అత్యవసర కేంద్రం
☐ మీ వార్డు ఇంజనీరు, జోనల్ ఆరోగ్య అధికారి, పోలీసు స్టేషన్, కరెంటాఫీసు – వీళ్ళకి నేరుగా కలిసే నంబర్లు

1077కి మొబైల్ నుంచి ఒకసారి మామూలు రోజునే చేసి, కాల్ ఏ జిల్లాకి పోతోందో చూసుకోండి.

తర్వాత ఒక పేజీ ఉత్తరం రాయండి, తమిళంలో. ఇంగ్లీషులో పది పేజీలు ఇస్తే ఫైల్లోకి పోతుంది. తమిళంలో ఒక్క పేజీ ఇస్తే చదువుతారు. అందులో ఉండాల్సినవి ఇవే: పడకలెన్ని, వెంటిలేటర్లెన్ని, డయాలసిస్ రోగులెందరు, జనరేటరు ఎన్ని గంటలు నడుస్తుంది, ఏ వైపు నుంచి వాహనం రాగలదు, రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి. కార్పొరేషన్ జోనల్ కార్యాలయం, పోలీసు స్టేషన్, అగ్నిమాపక కేంద్రం, కరెంటాఫీసు నాలుగింటికీ ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. కరెంటాఫీసుని వదిలేయకండి. వీధిలో నీళ్ళు నిలిస్తే ప్రాణాలకి ప్రమాదమని వాళ్ళే సరఫరా ఆపుతారు. ఆపే ముందు ఆసుపత్రికి ఒక ఫోన్ రావాలంటే మీరున్నారని వాళ్ళకి ముందే తెలియాలి.

2. మీ వీధిలో నీళ్ళు ఎటు నుంచి వస్తాయి?

వార్డు మేనేజరునీ ఒక ఎలక్ట్రీషియన్నీ వెంటబెట్టుకుని ఉదయం పూట వీధి చివరిదాకా నడవండి. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకీ నీళ్ళెంత ఎత్తు వచ్చాయో పాత కిరాణా కొట్టు ఆయన్ని, ఇస్త్రీ బండి ఆమెని, ఎదురింటి వాచ్‌మన్‌ని అడగండి. మ్యాపుల్లో దొరకని సంగతులు వీళ్ళ దగ్గర దొరుకుతాయి. ఆ ఎత్తుని మీ గేటు స్తంభం మీద పెయింటుతో గీయండి.

తర్వాత తెలుసుకోవాల్సింది, మీది ఏ రకం ముంపు అన్నది.

ఏటి ముంపు: జాఫర్‌ఖాన్‌పేట, ఈక్కాట్టుతాంగల్, సైదాపేట, కోట్టూర్‌పురం అడయారు ఒడ్డున ఉన్నాయి. ఇక్కడ వాన ఆగాక కూడా నీళ్ళు పెరగొచ్చు. చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలే నీరు అడయారులోకే వస్తుంది. 2015 డిసెంబరులో 29 వేల క్యూసెక్కులు వదిలారు. ఈ ప్రాంతాల్లో ఆకాశాన్ని చూసి నిర్ణయం తీసుకోకూడదు. చెరువు నీటిమట్టం, వదిలే నీటి పరిమాణం చూడాలి. చెంబరంబాక్కం పూర్తి మట్టం 24 అడుగులు.

ఉత్తరాన మణలి వైపు ఉన్నవాళ్ళు చూడాల్సింది పూండి, రెడ్ హిల్స్ చెరువుల్ని. కండలేరు నుంచి పూండికి కృష్ణా నీళ్ళొస్తాయని మనవాళ్ళందరికీ తెలుసు. వానాకాలంలో పట్టించుకోవాల్సింది పూండికి వచ్చే నీళ్ళ గురించి కాదు, అక్కడి నుంచి కొసస్తలైయారులోకి పోయే నీళ్ళ గురించి.

నిలవ ముంపు: వేళచ్చేరి, పళ్ళికరణై, వ్యాసర్‌పాడి, పుళియాంతోపు లాంటి చోట్ల ఏరు పొంగక్కర్లేదు. పల్లం కాబట్టి కురిసిన నీళ్ళే నిలిచిపోతాయి. ఇక్కడ వాన ఎన్ని సెంటీమీటర్లు కురిసిందన్నదే లెక్క. హెచ్చరికకీ ముంపుకీ మధ్య దొరికే సమయం బాగా తక్కువ.

చివరగా వాహనం పోగలిగే దారి. అతి పల్లంగా ఉన్న మలుపేదో గుర్తించి, అక్కడి కరెంటు స్తంభానికి మోకాలి ఎత్తులో ఒక గుర్తు పెట్టించండి. అక్కడికి నీళ్ళు చేరాక అంబులెన్సు రాదనుకునే మిగతా లెక్కలన్నీ వేయండి.

3. మూడు గీతలు, ఒక్కో గీతకీ ఒక్కో పనుల జాబితా

గీత అంటే, అది దాటగానే ఇంకెవర్నీ అడక్కుండా పని మొదలుపెట్టాల్సిన హద్దు. "పరిస్థితిని బట్టి నిర్ణయం తీసుకుంటాం" అన్న వాక్యం మీ ఫైల్లో ఉంటే కొట్టేయండి. ఆ క్షణాన ఎవరూ తీసుకోరు. డ్యూటీ డాక్టరు పెద్ద డాక్టరు గారికి ఫోన్ చేస్తారు, ఆయన "ఇంకో గంట చూద్దాం" అంటారు, ఆ గంటలో మలుపు మునుగుతుంది.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వాన, 115.6 నుంచి అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ వర్షం. ఆరెంజ్, రెడ్ హెచ్చరికల వెనక ఉన్నవి ఇవే. 2015 డిసెంబరు 1న మొదలైన వానకి తాంబరంలో ఒక్కరోజులో 49 సెంటీమీటర్లు పడింది.

మొదటి గీత: మీ జిల్లాకో పక్క జిల్లాకో ఆరెంజ్ హెచ్చరిక.

☐ అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా
☐ డీజిల్, ఆక్సిజన్ నిండా నింపడం
☐ రేపటి డయాలసిస్ ఈ రోజే మొదలుపెట్టడం
☐ రెండు రోజులు ఉండగలిగే సిబ్బంది జాబితా ఖరారు
☐ బేస్‌మెంట్‌లో ఉన్న వాహనాలు, మందుల పెట్టెలు, రికార్డులు పైకి

రెండో గీత: రెడ్ హెచ్చరిక, లేదా ఒక్కరోజులో పది సెంటీమీటర్లు దాటి వాన ఆగకపోవడం, లేదా మీ ఏటి మీది చెరువు నుంచి నీటి విడుదల పెంచుతున్నట్టు ప్రకటన.

☐ వెంటిలేటరు రోగుల్ని తరలించడం మొదలు
☐ నెలలు నిండిన గర్భిణుల్ని పెద్ద ఆసుపత్రికి పంపడం
☐ కొత్త ఐసీయూ చేరికలు బంద్
☐ లిఫ్టు పై అంతస్తులో ఆపేయడం
☐ సంపు మూత బిగించి, చుట్టూ ఇసుక బస్తాలు

మూడో గీత: పల్లపు మలుపు దగ్గర నీళ్ళు స్తంభం మీది గుర్తుని అందుకోవడం. ఇక తరలింపు ఆపేసి, ఉన్నచోటే నిలబడే పని. కింది అంతస్తు ఖాళీ చేసి అందరూ పైకి. కంట్రోల్ రూముకి రోగుల సంఖ్యతో సహా సమాచారం ఇవ్వాలి.

మొదటి రెండు గీతలూ ప్రకటించే అధికారం ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సీనియర్ నర్సుకి ఉండాలి. యజమానులు ఒప్పుకోవడానికి వెనకాడేది ఇక్కడే. వాన రాకపోతే రెండు ఆపరేషన్ల డబ్బు పోతుందని భయం. పోనివ్వండి. అనవసరంగా గీత ప్రకటించినందుకు ఎవర్నీ ఒక్క మాట అనబోమని రాతపూర్వకంగా ఇవ్వండి. అలా ఇవ్వకపోతే ఏ నర్సమ్మా ధైర్యం చేయదు.

4. కరెంటు: జనరేటరు ఒక్కటే పైకెక్కిస్తే చాలదు

2015లో అడయారు ఒడ్డున ఉన్న ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలోకి నీళ్ళు చేరి జనరేటర్లు ఆగిపోయాయి. ఐసీయూలో ఉన్న రోగులు చనిపోయారు. ఆ తర్వాత నగరంలో చాలామంది జనరేటర్ని పైకెత్తారు. కానీ డీజిల్ ట్యాంకు, ఇంధనం తోడే పంపు, ఛేంజోవర్ ప్యానెల్ (లైను కరెంటు నుంచి జనరేటరుకి మార్చే పెట్టె), మెయిన్ బోర్డు నేలమట్టంలోనే ఉంచేశారు. వీటిలో ఏ ఒక్కటి మునిగినా జనరేటరు ఆగినట్టే.

ఎలక్ట్రీషియన్‌తో కలిసి కరెంటు మీటరు నుంచి ఐసీయూ ప్లగ్గు దాకా తీగ వెంబడే నడవండి. దారిలో గేటు మీద గీసిన గీత కన్నా కింద ఉన్న ప్రతి పెట్టెనీ రాసుకోండి. వచ్చే నెల ఖర్చు పెట్టాల్సింది వీటి మీదే.

డీజిల్ లెక్క: లక్ష్యం 72 గంటలు. కంపెనీ పుస్తకంలో ఉన్న అంకె కాకుండా, మీ లోడు మీద గంటసేపు నడిపి ఎంత తాగిందో కొలవండి. గంటకి 10 లీటర్లయితే మూడు రోజులకి 720 లీటర్లు. అంత నిల్వ పెట్టే చోటు లేకపోతే లోడు తగ్గించాలి. ఏసీలు, లిఫ్టు, గీజర్లు, రిసెప్షన్ టీవీ, ఎక్స్‌రే తీసేసి ఐసీయూ, ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు, ఫ్రిజ్, ఒక ఆపరేషన్ థియేటరు, ప్రతి వార్డులో రెండు లైట్లు మాత్రమే ఉంచండి. ఏ స్విచ్చి తీయాలో బోర్డు మీద ఎర్ర స్టిక్కరు అతికించండి. అర్ధరాత్రి ఎలక్ట్రీషియన్ ఉండడు, వార్డు బాయ్ ఉంటాడు.

తరచూ చేసే పొరపాట్లు, వాటికి మందు:

– వారానికోసారి జనరేటరు "స్టార్ట్ చేసి చూస్తున్నాం" అంటారు. ఖాళీగా నడిపితే ఏమీ తెలియదు. నెలకోసారి మెయిన్ ఆపేసి, పూర్తి లోడు మీద అరగంట నడపాలి.
– వెంటిలేటరు బ్యాటరీ మీద నమ్మకం. కంపెనీ చెప్పే నిమిషాలు కొత్త బ్యాటరీవి. మీ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో రోగి లేనప్పుడు గడియారం పెట్టి చూడండి.
– అంబూ బ్యాగులు (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచులు) ఎమర్జెన్సీ ట్రాలీలో ఒకటో రెండో ఉంటాయి. వెంటిలేటరు ఉన్న ప్రతి పడక తలగడ వైపు ఒకటి వేలాడాలి. చేత్తో ఊపిరి ఇవ్వడానికి మనిషికి పదిహేను నిమిషాల చొప్పున వంతులు రాసి ఉంచాలి.

5. ఆక్సిజన్, నీళ్ళు, మందులు

ఆక్సిజన్‌ని సిలిండర్లలో లెక్కపెట్టకండి, గంటల్లో లెక్కపెట్టండి. పెద్ద డి టైపు సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్లు, చిన్న బి టైపులో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది. దాన్ని నిమిషానికి ఎన్ని లీటర్లు వాడుతున్నారో దాంతో భాగించండి.

నిమిషానికి 5 లీటర్లు తీసుకునే రోగికి డి టైపు దాదాపు 23 గంటలు, బి టైపు 5 గంటలు.
నిమిషానికి 60 లీటర్ల హై ఫ్లో (ముక్కు గొట్టంతో చాలా వేగంగా ఇచ్చే ఆక్సిజన్) మీద ఉన్న రోగికి డి టైపు కూడా రెండు గంటలు రాదు.

అందుకే హై ఫ్లో రోగి తరలింపు జాబితాలో వెంటిలేటరు రోగి పక్కనే ఉండాలి. సిలిండర్ల గది కింది అంతస్తులో ఉంటే సిలిండర్లని గోడకి గొలుసులతో కట్టండి. కట్టకపోతే నీళ్ళకి ఒరిగి పైపు విరుగుతుంది. పది సిలిండర్లు మొదటి గీతకే పై అంతస్తుకి చేరాలి. లిఫ్టు ఆగాక డి టైపు సిలిండర్ని మెట్లెక్కించడం చాలా కష్టం.

డయాలసిస్ ఉన్నచోట నీళ్ళ లెక్క వేరు. నాలుగు గంటల సెషన్‌లో నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున 120 లీటర్ల శుద్ధ ద్రవం పోతుంది. ఆర్వో (నీటిని శుద్ధి చేసే యంత్రం) వదిలేసే నీటిని కలిపితే సంపు నుంచి ఖర్చయ్యేది దానికి రెట్టింపు అనుకోండి. సంపులోకి వరద నీరు కలిసిందంటే డయాలసిస్ ఆగిపోయినట్టే. కాబట్టి పై ట్యాంకు రెండో గీతకి ముందే నిండాలి. రోగులకి ముందే చెప్పి ఉంచాల్సిన మాటలు కూడా ఉన్నాయి: వాన హెచ్చరిక వస్తే మీ వంతు ఒకరోజు ముందే వస్తుంది, వంతు తప్పితే నీళ్ళు, ఉప్పు కొలతగా తీసుకోవాలి, కొబ్బరినీళ్ళు, అరటిపండు, పళ్ళరసాలు ముట్టకూడదు. సహాయ శిబిరంలో ముందుగా చేతికిచ్చేది అరటిపండే.

మందుల్లో కనీసం ఏడు రోజులకి సరిపడా:

☐ ఇన్సులిన్, ఐస్ బాక్సుతో సహా. తెరవని సీసాలు 2–8 డిగ్రీల్లో. వాడుతున్న సీసా గది వేడిలో నాలుగు వారాల వరకూ ఆగుతుంది
☐ పాముకాటు మందు. వరద తగ్గే రోజుల్లో అవసరం ఎక్కువ
☐ టెటనస్ ఇంజెక్షన్లు, ఓఆర్ఎస్, సెలైన్
☐ మూర్ఛ, బీపీ, గుండె మందులు. వీటిని ఇళ్ళలో మర్చిపోయి వచ్చే చుట్టుపక్కలవాళ్ళకి కూడా
☐ కాన్పు కిట్లు రెండు

సిబ్బందికి, రోగులకి, అటెండెంట్లకి మూడు రోజుల తిండి: బియ్యం, పప్పు, రవ్వ, గ్యాసు, పాలపొడి. 2023 మిచౌంగ్ రోజుల్లో చాలాచోట్ల పాల ప్యాకెట్టు దొరకలేదు. పాలపొడి డబ్బాలు తక్కువ అంచనా వేయకండి.

6. ఎవరు ముందు, ఎక్కడికి

అక్టోబరు 1 నుంచి ప్రతి ఉదయం రౌండ్స్ అయ్యాక, కేస్ షీటు మీద మూడు అక్షరాల్లో ఒకటి రాయండి. ఇ: ఇంటికి పంపగలం. ఉ: ఇక్కడే ఉండగలరు. త: తరలించాలి. నిమిషం పని. రాత్రి గీత ప్రకటిస్తే ఆ నర్సు ఎవర్నీ అడక్కుండా పని మొదలుపెట్టగలగాలి.

వరుస విషయంలో గందరగోళం ఉంది. నిప్పంటుకుంటే ప్రమాదానికి దగ్గరున్నవాళ్ళు ముందు, వాళ్ళలోనూ నడవగలిగినవాళ్ళు ముందు. నిమిషాల్లో ఎక్కువమందిని బయట పడేయాలి కాబట్టి. హెచ్చరిక ఉన్న వరదకి ఇది తలకిందులు. అంబులెన్సు అవసరమైన, అందరికన్నా విషమంగా ఉన్న రోగి ముందు వెళ్ళాలి. నడవగలిగినవాళ్ళు తర్వాత పడవలోనైనా వెళ్ళగలరు. వెంటిలేటరు రోగిని పడవలో తీసుకెళ్ళడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ఎక్కడికి? రెండు ఆసుపత్రులతో ఒప్పందం రాతలో ఉండాలి. ఒక్క షరతు: వాటిలో ఒకటైనా ఏరు దాటకుండా చేరుకోగలిగేదై ఉండాలి. సైదాపేటకి దక్షిణాన ఉన్నవాళ్ళు ఒప్పందాలన్నీ అడయారు అవతల, మౌంట్ రోడ్డు వైపు చేసుకుంటే, వంతెన మూసిన రోజున రెండూ పోతాయి. దక్షిణాన గిండీలో కలైంజర్ శతాబ్ది ఆసుపత్రి ఉంది. ఉత్తరాన స్టాన్లీ, మధ్యలో రాజీవ్ గాంధీ జనరల్ ఆసుపత్రి, కీళ్‌పాక్, రాయపేట ఆసుపత్రులున్నాయి. పసిపిల్లలకి, కాన్పులకి ఎగ్మోరులోని ప్రభుత్వ ఆసుపత్రులు. ప్రభుత్వ ఆసుపత్రికి పంపేటప్పుడు కూడా ముందు అక్కడి డ్యూటీ ఆర్ఎంఓతో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు) మాట్లాడి పంపండి. చెప్పకుండా గేటు దగ్గర దింపి రావడం తరలింపు కాదు.

ప్రతి "త" రోగికీ ముందే సిద్ధంగా ఉండాల్సిన ప్లాస్టిక్ కవరు:

☐ ఒక పేజీ సారాంశం, ఇంగ్లీషులో
☐ మందుల చార్టు, చివరి డోసు వేసిన టైము
☐ చేతికి పట్టీ: పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, అలర్జీ
☐ ఇద్దరు బంధువుల ఫోన్ నంబర్లు, వాళ్ళ భాష
☐ ఆధార్, ఆరోగ్య బీమా కార్డుల నకళ్ళు

భాష సంగతి ఊరికే రాయలేదు. చెన్నై ఆసుపత్రుల్లో నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట, తిరుపతి నుంచి వచ్చే రోగులు చాలామంది. వెంట వచ్చినవాళ్ళకి తమిళం రాదు. హడావిడిలో రోగి ఒక చోటికి, అటెండెంటు ఇంకో చోటికి పోతే వెతుక్కోవడం నరకం. తరలించేటప్పుడు తెలుగు వచ్చిన సిబ్బంది ఎవరో ఒకరు దగ్గరుండి నిదానంగా ఇలా చెప్పాలి:

"అమ్మా, నాన్నగారికి ఏమీ కాలేదు. వాన ఎక్కువై కరెంటు పోయేలా ఉంది, అందుకే రోడ్డు బావున్నప్పుడే వేరే ఆసుపత్రికి మారుస్తున్నాం. ఆసుపత్రి పేరు ఈ చీటీ మీద రాశాను. మీరు ఇదే అంబులెన్సులో పక్కన కూర్చోండి. ఈ కవరు మాత్రం చేతిలోంచి వదలకండి, అక్కడి డాక్టరుకే ఇవ్వండి."

ఇక "ఇ" రోగులు. ఊరివాళ్ళయితే ఇంటికి పంపేస్తారు, బాగానే ఉంటుంది. కానీ నెల్లూరు రోగిని డిశ్చార్జి చేసి ఊరెళ్ళమంటే ఎక్కడికి పంపుతున్నట్టు? చెన్నైని ముంచే తుపాను కొన్నిసార్లు కోస్తా వెంబడే పైకి పోతుంది. మిచౌంగ్ చెన్నైని ముంచాక 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు ఈ రోగులు వెళ్ళాల్సిన రోడ్డూ, రైలు మార్గమూ తుపాను పోయే దారిలోనే ఉంటాయి. అందుకని దూరపు రోగిని హైవే పరిస్థితి, రైళ్ళ పరిస్థితి తెలుసుకోకుండా పంపకండి. అనుమానం ఉంటే మెట్ట మీద ఉన్న లాడ్జీలో రెండు రోజులు గది చూపించండి. చీటీ మీద మందులు, ఫోన్ నంబరు రాసివ్వండి.

మెట్ల మీద నుంచి దించడం ఒకసారి ప్రయత్నించి చూడండి. చాలా భవనాల్లో స్ట్రెచర్ మెట్ల మలుపులో తిరగదు. గట్టి దుప్పటి, నలుగురు మనుషులు, తల వైపు ఒక నర్సు. ఇసుక బస్తాని పడుకోబెట్టి సాధన చేయండి.

7. ఎవరి పని ఎవరిది

ఆరు కార్డులు లామినేట్ చేయించి రిసెప్షన్ వెనక వేలాడదీయండి. మనిషి పేరు రాయకండి, పని రాయండి; ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్ళు మెడలో వేసుకుంటారు: నాయకత్వం, రోగుల తరలింపు, కరెంటు–ఆక్సిజన్, మందులు–తిండి, ఫోన్లు–ప్రభుత్వ సంబంధాలు, బంధువులకి సమాచారం. చివరిదాన్ని చిన్నచూపు చూడొద్దు. జవాబు చెప్పే మనిషి లేకపోతే బంధువులంతా ఐసీయూ తలుపు దగ్గరే ఉంటారు.

వాట్సాప్ గ్రూపుని ప్రణాళికలో రాయకండి. టవర్లకి కరెంటు పోతే నెట్‌వర్కు పోతుంది. ఒక ల్యాండ్‌లైను, రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు, అంతస్తుల మధ్య వాకీటాకీలు, కాగితం మీద అచ్చేసిన నంబర్లు. అవి కూడా లేకపోతే, పోలీసు స్టేషన్‌కి నడిచి వెళ్ళగలిగే కుర్రాడెవరో ముందే తేల్చుకోండి.

8. మీ దగ్గరికే జనం వస్తే

దగ్గర్లో ఆసుపత్రి మీదొక్కటే పొడిగా ఉంటే అందరూ అక్కడికే వస్తారు. ఒక సీనియర్ నర్సు గేటు దగ్గరే నిలబడి నాలుగు రంగుల పట్టీలు కట్టాలి. ఊపిరి ఆడనివాళ్ళు, రక్తం ఆగనివాళ్ళు, మాట చెప్పినా స్పందన లేనివాళ్ళు ఎరుపు. ఆగగలిగే గాయాలు పసుపు. నడిచి వచ్చినవాళ్ళంతా ముందు ఆకుపచ్చ. వాళ్ళని వేరే గుమ్మం నుంచి వేరే హాల్లోకి పంపాలి, లేకపోతే ఎరుపు రోగికి దారి ఉండదు. నలుపు బతికే ఆశ లేనివాళ్ళకి. గేటు దగ్గర వైద్యం మొదలుపెట్టకూడదు, పట్టీ మాత్రమే. అరగంటకోసారి రంగు మళ్ళీ చూడాలి.

మీ సామర్థ్యం ఎంతో కూడా ముందే రాసుకోండి: ఒకేసారి ఎంతమంది ఎరుపు రోగుల్ని చూడగలరు? చిన్న ఆసుపత్రికి సాధారణంగా ఇద్దరో ముగ్గురో. ఆపైన వచ్చినవాళ్ళని 108తో మాట్లాడి వేరే ఆసుపత్రికి పంపాలి.

9. కసరత్తు

సెప్టెంబరులో ఒకటి టేబుల్ దగ్గర, ఒకటి నిజంగా.

టేబుల్ దగ్గరది గంట లోపు అయిపోతుంది. ఆరుగురిని కూర్చోబెట్టి కథ చెప్పండి: "రాత్రి ఒంటిగంట. రెడ్ హెచ్చరిక. ఐసీయూలో నలుగురు. పెద్ద డాక్టరు గారి ఫోన్ కలవట్లేదు. కరెంటు ఇప్పుడే పోయింది." ఎవరు ఏం చేస్తారో వరుసగా చెప్పించండి. "మేనేజరు గారిని అడుగుతాం" అన్న జవాబు వచ్చిన ప్రతిచోటా ప్రణాళికలో కంత ఉన్నట్టు లెక్క.

నిజంగా చేసేది రాత్రి డ్యూటీలోనే చేయండి. పగటి డ్రిల్లులో అందరూ ఉంటారు, అన్నీ సజావుగా జరుగుతాయి, ఫొటోలు కూడా బాగా వస్తాయి. పూర్తయ్యాక దొరికిన లోపాల్లో మూడింటినే రాసి, పక్కన పేరు, తేదీ వేయండి. ఇరవై రాస్తే ఒక్కటీ సరిచేయరు. ఇంకా పెద్ద నమూనా కావాలన్నవాళ్ళకి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఇచ్చిన ఆసుపత్రి భద్రతా మార్గదర్శకాలున్నాయి. పెద్ద ఆసుపత్రులకి అవి బాగా పనికొస్తాయి.

10. నీళ్ళు తీశాక తెరిచే ముందు

☐ తడిసిన బోర్డులు, ప్లగ్గులు ఎలక్ట్రీషియన్ చూసి సరే అన్నాకే మెయిన్ వేయడం
☐ బురద కడగక ముందే ప్రతి గదికీ ఫొటోలు, బీమా కోసం
☐ ఆక్సిజన్ పైపుల్లో ఒత్తిడి పరీక్ష
☐ సంపు, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి కడిగి క్లోరిన్ వేయడం: శుభ్రమైన 1,000 లీటర్లకి మంచి బ్లీచింగ్ పౌడరు 2.5 గ్రాములతో మొదలుపెట్టి, అరగంట తర్వాత లీటరుకి 0.5 మి.గ్రా. క్లోరిన్ మిగిలిందో లేదో క్లోరోస్కోపుతో (నీళ్ళలో క్లోరిన్ కొలిచే కిట్టు) చూడాలి. మిగలకపోతే ఇంకొంచెం
☐ కరెంటు లేకుండా ఉన్న ఫ్రిజ్‌లోని టీకాలు, రక్తం పక్కన పెట్టి ఫార్మసిస్టు నిర్ణయం తీసుకోవడం
☐ ఆసుపత్రి వ్యర్థాలు 48 గంటలు మించి నిల్వ ఉండకూడదు. బండి రాకపోతే కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలపడం
☐ బురద నీళ్ళలో పనిచేసిన సిబ్బందికి ఎలుక జ్వరం రాకుండా డాక్సీసైక్లిన్ ఇవ్వాలా వద్దా, డాక్టరు తేల్చడం. పారిశుద్ధ్య సిబ్బందిని, కాంట్రాక్టు మనుషుల్ని ఇందులోంచి తప్పించకూడదు
☐ రెండు వారాల పాటు విడిగా జ్వరాల ఓపీ. ఎలుక జ్వరం, డెంగీ కేసుల సంఖ్య రోజూ జోనల్ ఆరోగ్య అధికారికి
☐ తరలించిన ప్రతి రోగి ఇప్పుడెక్కడున్నారో ఫోన్ చేసి కనుక్కోవడం, తిరిగి వచ్చేవాళ్ళకి పడక తేదీ ఇవ్వడం
☐ గేటు స్తంభం మీద ఈసారి నీళ్ళు వచ్చిన ఎత్తు, సంవత్సరం పెయింటుతో రాయడం